20 ఏళ్ల బాంబర్ పైలట్ లెస్లీ మాన్సర్: ముందే దూకేసి ఉండొచ్చు కదా?

కాకినాడ_కాజా
నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఏదో చదువుతూ ఇతని దగ్గర ఆగిపోయా. లెస్లీ మాన్సర్. ఇంగ్లీషోడే గానీ పుట్టింది న్యూఢిల్లీలో, 1922 మే 11న. వాళ్ల నాన్న ఇక్కడ పోస్టులు టెలిగ్రాఫుల డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీరు. చిన్నప్పుడు డార్జిలింగ్ వైపు కర్సియాంగ్‌లో చదివించి తర్వాత ఇంగ్లండ్ పంపేశారు. 1940లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు, 1942 మే 30 రాత్రి జర్మనీలో కొలోన్ మీద వెయ్యి విమానాల దాడికి వెళ్లాడు, ఇంజిన్ తగలబడింది, ఇంక తిరిగి రాలేదు. 20 నిండి మూడు వారాలు కూడా అవలేదు అప్పటికి.

మా వాడికి ఇప్పుడు సరిగ్గా 20. బండేసుకుని రాజమండ్రి దాకా వెళ్తానంటే తాళాలివ్వను నేను. ఆ పిల్లాడి చేతికి రెండు ఇంజిన్ల బాంబరూ ఇంకో ఆరుగురి ప్రాణాలూ ఇచ్చారు.

నా డౌటేంటంటే, ఇంజిన్ తగలబడినప్పుడే అందరూ పారాచూట్‌లేసుకుని దూకేస్తే ఏడుగురూ బతికేవాళ్లుగా? మహా అయితే జర్మన్లకి దొరికి జైల్లో ఉండేవాళ్లు. విమానాన్ని ఇంటికి తోలుకెళ్దామని కూర్చోడం ధైర్యమా కుర్రతనమా? బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు సరే, ఆ తల్లికి మెడల్ ఎందుకండీ.

ఊరికే_చూస్తున్నా
రాత్రి రెండింటికి ఇవి చదివితే నిద్రెలా పడుతుంది సార్, పాత పాటలు వినాలి

రెంచి_రాంబాబు
కాజా గారూ, ముందు ఆ విమానం సంగతి తెలిస్తే గానీ మీ ప్రశ్నకి జవాబు దొరకదు. అది ఆవ్రో మాంచెస్టర్. లాంకాస్టర్ కాదు, చాలామంది పొరబడతారు. లాంకాస్టర్‌కి నాలుగు మెర్లిన్ ఇంజిన్లు, దీనికి రెండే, రోల్స్ రాయిస్ వల్చర్లు. అసలీ వల్చర్ ఏంటంటే, రెండు వీ-12 ఇంజిన్లని ఒకదాని మీద ఒకటి బోర్లించి ఒకే క్రాంక్‌షాఫ్ట్‌కి తగిలించారు, ముందునుంచి చూస్తే ఎక్స్ అక్షరంలా 24 సిలిండర్లు. కాగితం మీద బ్రహ్మాండం. గాల్లో వేడెక్కిపోవడం, బేరింగులు పోవడం. ఇలా కాదని 200 చేసి ఆపేసి అదే బాడీకి రెక్కలు పెంచి నాలుగు మెర్లిన్లు పెడితే లాంకాస్టర్ అయ్యింది. ఈ కుర్రాడు పోయిన నెలకల్లా మాంచెస్టర్లని దాడులకి పంపడమే మానేశారు. నెల!

ఊరికే_చూస్తున్నా
ఇంజిన్‌కి రాబందు అని పేరెట్టినప్పుడే అనుమానం రావాలి కదా

రెంచి_రాంబాబు
హహ వాళ్లకి అదో ఆనవాయితీ, ఆ కాలం ఇంజిన్లన్నిటికీ వేటాడే పక్షుల పేర్లే. మెర్లిన్ అంటే కూడా మంత్రగాడు కాదు, చిన్న డేగ.

సరే ఆ రాత్రికొద్దాం. 50వ స్క్వాడ్రన్, ఇంగ్లండ్‌లో లింకన్ పక్కన స్కెల్లింగ్‌థోర్ప్ ఎయిర్‌ఫీల్డ్. రాత్రి పదకొండు గంటలప్పుడు లేచింది. లోపల 1,260 అగ్గిబాంబులు, ఒక్కోటి నాలుగు పౌండ్లు. లోడు మీద ఇంజిన్లు వేడెక్కిపోతున్నాయి, 7,000 అడుగులు దాటి పైకెక్కడం లేదు. మిగతా గుంపంతా ఇంకా పైన వెళ్తోంది. వెనక్కి తిరిగినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. తిరగలా. గన్నులన్నీ పైన గుంపు మీదే ఉంటాయి, కింద మనల్ని ఎవడు పట్టించుకుంటాడులే అనుకున్నాడట.

పట్టించుకున్నారు. కొలోన్ దగ్గరికి రాగానే సెర్చిలైట్లు పట్టేసుకున్నాయి. ఆ వెలుతురులోనే తిన్నగా నడిపి బాంబులు వదిలాడు, వదిలాక దెబ్బ తగిలింది. తప్పించుకోడానికి వెయ్యి అడుగుల లోపుకి దించేశాడు, అయినా తగులుతూనే ఉన్నాయి. వెనక గన్నర్‌కి గాయం, ముందు క్యాబిన్ నిండా పొగ. ఎలాగో బయటపడి మళ్లీ 2,000 అడుగులకి ఎక్కించాడో లేదో ఎడం ఇంజిన్ భగ్గుమంది. పది నిమిషాలకి మంట ఆరింది గానీ ఇంజిన్ చచ్చింది, రెక్క కొంత కాలిపోయింది.

మీరు దూకేయమంటున్నది ఇక్కడ. అప్పుడు కింద ఉన్నది జర్మనీ అండి. అతను ఆ కుంటి విమానాన్ని లాక్కొచ్చింది బెల్జియం దాకా. ఆ తేడాతోనే ఐదుగురు ఇంటికెళ్లారు.

కాకినాడ_కాజా
సరే ఒప్పుకుంటా. మరి చివర్లో అతను కూడా దూకచ్చుగా, అందరూ దూకాక?

రెంచి_రాంబాబు
మాంచెస్టర్ ఒక ఇంజిన్ మీద ఎత్తు నిలబెట్టుకోలేదు, దిగిపోతూనే ఉంటుంది. ఎడం ఇంజిన్ లేకపోతే కుడి ఇంజిన్ ముక్కుని ఎడమకి నెడుతుంది. కాళ్లతో రడ్డర్ (తోక దగ్గరి చుక్కాని) బలంగా తొక్కి చేతులతో కంట్రోల్ బిగపట్టి కూర్చుంటేనే తిన్నగా ఉంటుంది. స్పీడ్ పడిపోయేకొద్దీ ఆ పట్టుకీ లొంగదు. వదిలారా, వాలిపోయి తిరగబడుతుంది. లోపల ఇంకా మనుషులు ఒకరి వెనక ఒకరు తలుపు దగ్గరికి పాక్కుంటూ వెళ్తున్నారు. వాళ్లందరూ దిగేదాకా సీట్లో ఒకడు ఉండాలి. ఆ ఒకడు డ్రైవరే.

ఆఖరున రెండో పైలట్ బేవీస్టాక్ పారాచూట్ తెచ్చి ఇతనికి తగిలించబోయాడు. నెట్టేసి ముందు నువ్వు దూకు అని తోలేశాడు. అతను దూకేసరికి నేల ఎంత దగ్గరంటే పారాచూట్ సరిగ్గా విచ్చుకోనే లేదు, అదృష్టం బాగుండి నీళ్లున్న కాలవలో పడి బతికాడు. విమానం ఇంకాస్త దూరంలో బ్రే అనే ఊరి దగ్గర పడి కాలిపోయింది. లోపల మాన్సర్ ఒక్కడే.

మా షెడ్డులో ముప్పై ఏళ్లు పన్జేశా, ఇంజిన్ ఆగిన బండిని పక్కకి తియ్యడానికే ఒళ్లు చెమటలు పడతాయి.

తర్కం_తాతారావు
అంతా బాగానే ఉంది. ఆ 1,260 అగ్గిబాంబులు ఎక్కడ పడ్డాయో ఎవరూ మాట్లాడరేం? ఆ రాత్రి కొలోన్‌లో పోయినవాళ్లు 480 మంది దాకా, దాదాపు అందరూ మామూలు జనం. 45,000 మందికి పైగా కొంపా గోడూ లేకుండా పోయారు. అగ్గిబాంబులు ఫ్యాక్టరీలు కూలగొట్టడానికి కాదండీ, ఊళ్లు తగలబెట్టడానికి. అందులో ఒక డ్రైవర్ తన స్నేహితుల్ని కాపాడాడు, మంచిదే. కింద పిల్లల్ని ఎవరు కాపాడారు?

చార్మినార్_చాయ్
తాతారావు సాబ్, లండన్ మీద, కోవెంట్రీ మీద ముందు ఏసింది ఎవరు మరి? జర్మనోళ్లేసినప్పుడు వాళ్లు పువ్వులేసిండ్రా?

తర్కం_తాతారావు
వాళ్లూ వేశారు. ఒకడు దొంగతనం చేశాడని ఇంకోడిది దానం అవ్వదు కదా.

చార్మినార్_చాయ్
గది నిజమే. కానీ యుద్ధం జేసుడా వద్దా అని 20 ఏండ్ల పోరడు తేల్చలే గదా. వెయ్యి విమానాలు అనేది పైన బాంబర్ కమాండ్, అంటే బ్రిటన్ బాంబర్ల దళం, దాని పెద్ద హారిస్ పెట్టిన లెక్క. పేపర్ల పెద్దగ రావాలె, చర్చిల్‌కు జూపియ్యాలె, బాంబర్ కమాండ్‌ను మూసెయ్యొద్దు. వెయ్యి కాలేక ట్రైనింగ్ ఇస్కూళ్లకెళ్లి నేర్చుకునేటోళ్లను, నేర్పేటోళ్లను గుడ తోలుకపొయ్యి 1,047 జేసిండ్రు.

రెంచి_రాంబాబు
చాయ్ గారన్నది కరెక్టే, కాకపోతే వెయ్యి అనేది ఉత్త షో కూడా కాదు. జర్మన్లు రాడార్‌ని గళ్లు గళ్లుగా పెట్టుకున్నారు, ఒక్కో గడిలో రాత్రిపూట బాంబర్లని వేటాడే నైట్ ఫైటర్ విమానం ఒక్కోటి, గంటకి మహా అయితే అరడజను విమానాల్ని పట్టగలడు. ఇదివరకు బాంబర్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లేవాళ్లు, ఒక్కో గడిలో ఒకరు చొప్పున చక్కగా దొరికిపోయేవాళ్లు. ఈసారి అందరూ ఒకే దారిన, గంటన్నరలో పని ముగించేలా ఒకరి వెనకొకరు దూరిపోయారు. పెళ్లి భోజనాల దగ్గర అందరూ ఒకేసారి వచ్చి పడితే వడ్డించేవాడు ఏం చేస్తాడు, అదే లెక్క. అయినా 41 విమానాలు రాలేదు.

కొలోన్_కిట్టు
ఏడేళ్ల నుంచి కొలోన్‌లో ఉంటున్నా కాబట్టి నా మాట కూడా ఒకటి. ఇక్కడ ఈ సబ్జెక్టు ఎవరూ గట్టిగా మాట్లాడరు, మా పక్కింటి పెద్దావిడ తప్ప. ఆవిడ యుద్ధం తర్వాత పుట్టింది, వాళ్లమ్మ సెల్లార్‌లో కూర్చున్న కథలు చెబుతుంది. కథీడ్రల్ ఒక్కటే నిలబడి చుట్టూ అంతా రాళ్లగుట్టలుగా ఉన్న ఫోటో ఉంటుంది చూడండి, అది 1945ది, ఈ ఒక్క రాత్రిది కాదు. ఆ ఊరి మీద యుద్ధం అయిపోయేదాకా వేస్తూనే ఉన్నారు.

ఇంకా అయిపోలేదు అంటే నమ్ముతారా. 2025 జూన్‌లో డాయిట్జ్ వైపు తవ్వుతుంటే మూడు అమెరికన్ బాంబులు బయటపడ్డాయి, 20,000 మందికి పైగా ఖాళీ చేయించారు, బ్రిడ్జీలు మూసేశారు, సాయంత్రానికి నిర్వీర్యం చేశారు. నేనూ మా ఆవిడా పాపని తీసుకుని ఫ్రెండ్ ఇంట్లో కూర్చుని పులిహోర తిన్నాం రోజంతా. 80 ఏళ్ల కిందటి బాంబు వల్ల ఆఫీసు సెలవు వచ్చింది నాకు.

ఊరికే_చూస్తున్నా
మేనేజర్ నమ్మాడా? "సార్ ఇంటి పక్కన బాంబుంది రాలేను"

కొలోన్_కిట్టు
మేనేజర్ కూడా అదే జోన్‌లో బ్రో

వైజాగ్_వసంత
తాతారావు గారి మాట చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద జపానోళ్లు బాంబులేశారు, అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. హార్బర్ వైపు పెద్ద చప్పుడు, వాళ్ల నాన్న సైకిల్ మీద ఇంటికొచ్చి బయల్దేరండర్రా అన్నాడట. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని పల్లెటూళ్లకి పోయింది. వీళ్లు విజయనగరం దగ్గర చుట్టాలింటికి నడిచీ బండెక్కీ మళ్లీ నడిచీ వెళ్లారు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేశామే అని చచ్చిపోయేదాకా అనేది, ఆ అన్నం గురించే ఎక్కువ బాధ. ఆ విమానం నడిపినోడి చేతులు పడిపోనూ అని తిట్టేది.

ఇప్పుడీ థ్రెడ్ చదివాక అనిపిస్తోంది, ఆ జపాను విమానంలో ఉన్నవాడూ ఇరవై పాతికేళ్ల కుర్రాడే అయ్యుంటాడు. వాళ్లమ్మ కూడా ఎదురు చూసే ఉంటుంది. అమ్మమ్మ ముందు ఇలా అంటే నన్నూ కలిపి తిట్టేది అనుకోండి.

కాకినాడ_కాజా
మా కాకినాడ మీద కూడా అదే రోజు వేశారండి వసంత గారూ. మా ఊళ్లో పెద్దవాళ్లు "బాంబుల ఏడాది" అని లెక్క చెప్పేవారు, ఫలానావాడు బాంబుల ఏడాది పుట్టాడు అని. మాన్సర్ ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే పని నుంచి మళ్లీ స్క్వాడ్రన్‌కి వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే.

వైజాగ్_వసంత
బీచ్‌రోడ్డు మీద విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు ఇప్పటికీ ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు.

చార్మినార్_చాయ్
మా హైద్రాబాద్ ముచ్చట జెప్పకుంట ఎట్ల. బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్ ఆర్ఏఎఫ్‌ల 110వ స్క్వాడ్రన్‌కు "హైదరాబాద్ స్క్వాడ్రన్" అనే పేరుండె. మొదటి యుద్ధంల, 1918ల, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పైసలిచ్చిండు, గా పైసలతోని డీహెచ్-9ఏ బాంబర్లు గొన్నరు, ఒక్కోదాని మీద ఇది నిజాం ఇచ్చిండు అని రాసి పెట్టిండ్రు. ఫ్రాన్స్‌కెల్లి జర్మనీ మీదికి పగటీలి పోయేటోళ్లు, కొన్ని నెలలల్నే మస్తు మంది పోయిండ్రు. మళ్ల 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన తెల్లారి, అది జేసిన మొట్టమొదటి బాంబు దాడి జర్మనీ ఓడరేవు విల్‌హెల్మ్స్‌హాఫెన్ మీద, గండ్ల ముందలున్నది గుడ ఇదే స్క్వాడ్రన్, బ్లెన్‌హైమ్ విమానాలతోని. మన ఊరి పేరు పెట్టుకొని పొయ్యి సచ్చిన పోరగాండ్లు ఎంతమందో, హైద్రాబాద్ ఏ దిక్కున్నదో గుడ వాళ్లకు ఎర్కలేకుండొచ్చు.

తర్కం_తాతారావు
అంటే మన రైతుల శిస్తు డబ్బులతో జర్మనీ మీద బాంబులు. బాగుంది.

చార్మినార్_చాయ్
ఇగో మీరు ఏదీ సక్కగ తిననియ్యరు కదా సాబ్

లూవెన్_లావణ్య
నేను బెల్జియంలో లూవెన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. మాన్సర్ సమాధి ఇక్కడే, హెవర్లీ వార్ సెమెట్రీలో. నా రూమ్ నుంచి సైకిల్ మీద దగ్గరే, మూడేళ్లుగా ఆ రోడ్డున తిరుగుతూ ఒక్కసారి కూడా లోపలికెళ్లలేదు, సిగ్గుగా ఉంది. వెయ్యికి దగ్గరగా సమాధులున్నాయట, ఎక్కువ మంది విమానాల వాళ్లే. జర్మనీకి వెళ్లే దారీ వచ్చే దారీ బెల్జియం మీదుగానే కాబట్టి సగం మంది ఇక్కడే రాలిపోయారు.

రాంబాబు గారు ఐదుగురు ఇంటికెళ్లారు అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు కథ అక్కడుంది. నావిగేటర్ ఒక్కడు దొరికిపోయాడు. మిగతా ఐదుగురినీ పల్లెటూరి వాళ్లు దాచారు, అక్కడి నుంచి కామెట్ లైన్ అనే రహస్య దళం వాళ్లు లియేజ్, బ్రస్సెల్స్, ప్యారిస్, అక్కడి నుంచి పిరనీస్ కొండలు నడిపించి స్పెయిన్, జిబ్రాల్టర్ దాకా చేర్చారు. ఆ దళం పెట్టిందెవరో తెలుసా? ఆండ్రే డి యాంగ్ అనే పాతికేళ్ల అమ్మాయి, బ్రస్సెల్స్. అందరూ డేడే అనేవారు. తనే స్వయంగా పైలట్లని వెంటబెట్టుకుని చీకట్లో కొండలు దాటించేది. 1943 జనవరిలో పట్టుబడింది, నాజీల రావెన్స్‌బ్రూక్ క్యాంపులో పెట్టారు. నాన్నని కాల్చి చంపారు. తను బతికి బయటపడి తర్వాత ఆఫ్రికాలో కుష్టు రోగులకి నర్సుగా పనిచేసింది, 2007 దాకా ఉంది. మాన్సర్‌ది గంటల ధైర్యం, ఈవిడది నెలల తరబడి. ఎవరిది పెద్దది అని నేననట్లేదు. కానీ దొరికితే పైలట్‌కి జైలు, దాచిపెట్టిన రైతుకి తుపాకీ గుండు. ఆ రైతుల పేర్లు మనకెవరికీ రావు.

కొలోన్_కిట్టు
ఈవిడ మీద వేరే థ్రెడ్ వేయాలి లావణ్యా, నువ్వే వెయ్

లూవెన్_లావణ్య
థీసిస్ రాయమంటే రాయట్లేదు, థ్రెడ్ రాయమంటావా

తర్కం_తాతారావు
లావణ్య గారి పోస్టుకి దండం. నా ఇంకో అనుమానం చెప్తా, తిట్టకండి. మాన్సర్ ఏం చేశాడో మనకెలా తెలుసు? ఆ ఐదుగురు ఇంగ్లండ్ చేరి చెప్పారు కాబట్టి. 1942 అక్టోబర్‌లో విక్టోరియా క్రాస్ ప్రకటించారంటే వాళ్ల సాక్ష్యం మీదే. అదే రాత్రి రాని మిగతా 40 విమానాల్లో ఎంతమంది ఇలాగే కంట్రోల్ పట్టుకుని కూర్చున్నారో, అందరూ కలిసి కాలిపోతే చెప్పేదెవరు? బాంబర్ కమాండ్‌లో 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది పోయారు. వంద మందిలో 44.

రెంచి_రాంబాబు
మొదటిసారి మీతో పూర్తిగా ఒప్పుకుంటున్నా, తేదీ రాసిపెట్టుకోండి.

బేవీస్టాక్ సంగతి ఇంకో ముక్క. కాలవలో పడ్డ ఆ రెండో పైలట్ తర్వాత సండర్‌లాండ్ అనే సముద్రం మీద దిగే విమానాలకి కెప్టెన్ అయ్యి 1944లో రెండు జర్మన్ సబ్‌మెరైన్లు ముంచాడు. అంటే ఆ రాత్రి మాన్సర్ "ముందు నువ్వు దూకు" అనకపోతే ఆ ముంచడాలూ ఉండేవి కావు. లెక్కలు ఇలా పోతూనే ఉంటాయి.

ఊరికే_చూస్తున్నా
నీళ్లలో పడి బతికాడు, నీళ్ల మీదే ఉద్యోగం వెతుక్కున్నాడు. జాతకం.

మాజీ_హవల్దార్
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యా, ఇది చూసి ఆగలేక. నా సర్వీసులో రెండేళ్లు నాగాలాండ్. కోహిమాలో వార్ సెమెట్రీ చాలాసార్లు చూశా, కొండ మీద మెట్లు మెట్లుగా ఉంటుంది, ఒకప్పుడు టెన్నిస్ కోర్టు ఉన్న చోట ఇటు మనవాళ్లూ అటు జపానోళ్లూ బంతి విసిరేంత దూరంలో కొట్టుకున్నారు. అక్కడ కెప్టెన్ జాన్ రాండిల్ సమాధి ఉంది. ఈయనకీ విక్టోరియా క్రాస్. పుట్టింది కాశీలో. 1944 మే 6న ఒళ్లంతా దెబ్బలతో ఒంటరిగా జపాన్ బంకర్ మీదికి ఉరికి, లోపల గ్రెనేడ్ వేసి, తన ఒంటితోనే ఆ బంకర్ కంతని మూసేశాడు.

ఈ రాండిల్ ఎవరనుకుంటున్నారు? మాన్సర్‌కి బావ. అతని తోబుట్టువునే చేసుకున్నాడు. రెండేళ్ల తేడాలో ఆవిడకి తోడబుట్టినవాడూ పోయాడు, కట్టుకున్నవాడూ పోయాడు, ఇద్దరికీ అదే పతకం. ఒకడు ఢిల్లీలో పుట్టి బెల్జియంలో, ఇంకొకడు కాశీలో పుట్టి కోహిమాలో.

సర్వీసులో ఉండగా మాకు రాండిల్ కథ చెప్పారు గానీ ఆ ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారని ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యాక తెలిసింది.

వైజాగ్_వసంత
అయ్యో.

కాకినాడ_కాజా
హవల్దార్ గారూ ఇది తెలీదు నాకు. నేను తల్లి గురించి అడిగా, మీరు ఆ పిల్లని చూపించారు.

లింకన్_లీల
లేటుగా చూశా థ్రెడ్. మేం లింకన్‌లో ఉంటాం. స్కెల్లింగ్‌థోర్ప్ ఎయిర్‌ఫీల్డ్ ఇప్పుడు లేదు, ఆ రన్‌వేల మీద ఇళ్లొచ్చేశాయి, బర్చ్‌వుడ్ అంటారు. అక్కడ లెస్లీ మాన్సర్ ప్రైమరీ స్కూల్ ఉంది! మా ఫ్రెండ్ వాళ్లబ్బాయి అందులోనే. పిల్లలకి అతను స్కూలు పేరు అంతే, "మాన్సర్‌లో చదువుతున్నా" అంటారు. ఊరి చివర కొండ మీద బాంబర్ కమాండ్ మెమోరియల్ కూడా ఉంది, ఇనుప స్తంభం పొడవు 31.09 మీటర్లు, సరిగ్గా లాంకాస్టర్ రెక్కల పొడవు అంత. చుట్టూ గోడల మీద 58,000 దాకా పేర్లు, ర్యాంకుల్లేకుండా. ఎం అక్షరం గోడ దగ్గర వెతికితే అతను ఉంటాడు, ఈ వారం ఎండ వస్తే ఫోటో పెడతా.

ఊరికే_చూస్తున్నా
లింకన్‌లో ఎండ వస్తే అంటే, 2031లోనా అక్కా?

లింకన్_లీల
వర్షంలోనే తీస్తాలే

తర్కం_తాతారావు
లీల గారూ, అక్కడ కింద పోయినవాళ్ల సంగతేమన్నా రాశారా, లేక వీళ్ల పేర్లేనా?

లింకన్_లీల
లోపల ఎగ్జిబిషన్‌లో కింద ఉన్నవాళ్ల మాటలు కూడా పెట్టారు, జర్మన్ల గొంతులూ ఉన్నాయి. అందుకని అక్కడికొచ్చే పాత సిపాయిల పిల్లలు కొంతమంది గొణుగుతారు. మీరొస్తే వాళ్లతో బాగా పొద్దుపోతుంది.

లూవెన్_లావణ్య
నేను ఆదివారం హెవర్లీ వెళ్తున్నా. పూలు ఏం తీసుకెళ్లమంటారు? ఇక్కడ చామంతులు సమాధులకే వాడతారు, కాబట్టి దొరుకుతాయి.

మాజీ_హవల్దార్
పూలు వద్దమ్మా, నువ్వెళ్లి రెండు నిమిషాలు నిలబడు చాలు. వీలైతే పక్కన ఉన్న పేరు కూడా చదువు.

కాకినాడ_కాజా
ఇందాక అన్నం తింటూ మా వాడికి మొత్తం చెప్పా. వల్చర్ ఇంజిను, సెర్చిలైట్లు, పారాచూట్ నెట్టేయడం, బావగారి సంగతి, అంతా. కంచంలో చెయ్యి పెట్టుకుని కదలకుండా విన్నాడు. మనసు కదిలింది అనుకున్నా. చివర్న "అయితే 20 ఏళ్లకి అతనికి విమానం ఇచ్చారు కదా నాన్నా, నాకు బండి తాళాలిస్తావా" అన్నాడు.

ఊరికే_చూస్తున్నా
ఇచ్చారా?

కాకినాడ_కాజా
సామర్లకోట దాకా. హెల్మెట్ పెట్టుకుంటేనే.